ఇంగ్లండులో పోటీ నిషేధ షరతు: బారిస్టరు అభిప్రాయం విడిగా తీసుకోవాలా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

మా తమ్ముడు మాంచెస్టరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో అమ్మకాల విభాగం చూసేవాడు. రాజీనామా చేసి, నోటీసు కాలం ముగించుకొని, అదే రంగంలోని మరొక సంస్థలో చేరబోతుండగా పాత యాజమాన్యం తరఫు సొలిసిటర్ల నుంచి ఉత్తరం వచ్చింది. ఉద్యోగం మానిన తరువాత ఆరు నెలల పాటు పోటీ సంస్థలో ఏ హోదాలోనూ పనిచేయరాదని ఒప్పందంలో ఉందనీ, వారం రోజుల్లో హామీపత్రం రాసి ఇవ్వకపోతే హైకోర్టుకు వెళ్తామనీ దాని సారాంశం. అతనికి రావలసిన కమిషన్ కూడా వాళ్లు ఆపి ఉంచారు. ఇక్కడి కోర్టులో ప్రాక్టీసు చేసే మా బావగారు అటువంటి షరతు చెల్లదనీ, ఉత్తరాన్ని పక్కన పడేయమనీ అంటున్నారు. తమ్ముని సొలిసిటరేమో ఉద్యోగ, వాణిజ్య చట్టాలలో చేయి తిరిగిన బారిస్టరు అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకుందామంటున్నారు. దానికి వేరే ఫీజు. ఒక వకీలు ఉండగా ఇంకొకరు ఎందుకో తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (సుబేదారి, న్యాయవాది)

మీ బావగారు చెప్పింది మన దేశం వరకు సరైన మాటే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఒక వ్యక్తి వృత్తిని, వ్యాపారాన్ని అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఉద్యోగంలో ఉన్నంత కాలం వేరొకరి దగ్గర పనిచేయరాదనే షరతును 1967లో గోలికరి కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది గాని, ఒప్పందం ముగిసిన తరువాత కూడా వెంటాడే ఆంక్షను 2006లో క్రికెటరు జహీర్ ఖాన్ వ్యాజ్యంలో ఒప్పుకోలేదు.

అయితే ఆ సెక్షన్ ఇంగ్లండుకు వర్తించదు, అక్కడ దానికి సమానమైన నిబంధనా లేదు. 1894 నాటి నార్డెన్‌ఫెల్ట్ తీర్పు నుంచి అక్కడి కోర్టులు చూసేదల్లా ఆ ఆంక్ష సమంజసమా కాదా అన్నదే. వ్యాపార రహస్యాలు, ఖాతాదారులతో ఏర్పడిన సంబంధాలు వంటివి కాపాడుకునే హక్కు యజమానికి ఉంటుంది. ఉద్యోగి సంపాదించుకున్న నైపుణ్యం మాత్రం ఉద్యోగి సొత్తే. ఆంక్ష ఆ అవసరాన్ని మించితే పడిపోతుంది. అంతమాత్రాన ఒక్క పదం అతిగా ఉంటే షరతు మొత్తం పోతుందని ధీమాగా ఉండడానికీ లేదు. 2019లో టిల్‌మన్ కేసులో, పోటీ సంస్థలో వాటాలు కూడా ఉండరాదనే అర్థమిచ్చే రెండు మాటలను కొట్టివేసి, మిగిలిన ఆరు నెలల నిషేధం చెల్లుతుందని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఉత్తరాన్ని పక్కన పడేయడమంత ప్రమాదం ఇంకొకటి లేదు.

జవాబు 2 (బర్మింగ్‌హామ్, స్వస్థలం కాజీపేట)

నేను ఇక్కడ ఒక సొలిసిటర్ల కార్యాలయంలో పనిచేస్తున్నాను కనుక బారిస్టరు పని గురించి చెబుతాను. మన దగ్గర వకాలతు వేసిన న్యాయవాదే నోటీసు నుంచి వాదన వరకు అన్నీ చూసుకుంటారు. ఇక్కడ ఉత్తర ప్రత్యుత్తరాలు, కాగితాలు సొలిసిటరు చూస్తారు. చట్టంపై అభిప్రాయం చెప్పడం, దావా పత్రాలు రాయడం, కోర్టులో వాదించడం బారిస్టరు వంతు. నేరుగా బారిస్టరును పెట్టుకునే వీలూ ఉంది గాని, ఇటువంటి తొందర వ్యవహారంలో ఇద్దరూ ఉండడమే మేలు.

ఈ రకం కేసు అసలు విచారణ దాకా వెళ్లడం అరుదు. ఆరు నెలల నిషేధానికి విచారణ తేదీ దొరికేలోపు ఆ గడువే తీరిపోతుంది కాబట్టి, మధ్యంతర ఇంజంక్షన్ (అసలు తీర్పు వచ్చేదాకా ఒక పనిని ఆపి ఉంచే కోర్టు ఉత్తర్వు) దగ్గరే దాదాపు అంతా తేలిపోతుంది. అందుకే న్యాయమూర్తి ఆ దశలోనే ఎవరి వాదనలో ఎంత బలముందో కొంత తూచి చూస్తారు. ఇంజంక్షన్ కోరే యజమాని, చివరికి తాను ఓడిపోతే ఎదుటివారి నష్టం భరిస్తానని సాధారణంగా హామీ ఇవ్వాలి. హైకోర్టులో ఓడినవారు ఎదుటివారి ఖర్చులు కూడా చాలావరకు మోయవలసి వస్తుంది. ఉద్యోగ వివాదాలు చూసే ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌లో మాత్రం సాధారణంగా ఎవరి ఖర్చు వారిదే.

అనుభవమున్న బారిస్టరు మొదట అడిగేది షరతు గురించి కాకపోవచ్చు. కమిషన్ ఎందుకు ఆపారు, అది ఒప్పందాన్ని మూలంలోనే ఉల్లంఘించడం అవుతుందా, తమ్ముడు ఆ కారణంతోనే రాజీనామా చేశాడా అని అడుగుతారు. యజమానే ఒప్పందాన్ని తుంచితే ఉద్యోగి షరతుల నుంచి బయటపడతాడని 1909 నాటి జనరల్ బిల్‌పోస్టింగ్ తీర్పు చెబుతుంది. రాజీనామా లేఖలో "మెరుగైన అవకాశం వచ్చింది, ఇంతకాలం ఆదరించినందుకు కృతజ్ఞతలు" అని రాసి ఉంటే మాత్రం ఆ వాదన అక్కడికక్కడే బలహీనపడుతుంది. మనవాళ్లు మర్యాద కోసం తప్పకుండా అలాగే రాస్తారు!

ఫీజు పూర్తిగా మీమీదే పడుతుందని కూడా అనుకోవద్దు. ఒప్పందాన్ని ఉల్లంఘించేలా ప్రోత్సహించారన్న ఆరోపణ కొత్త యజమానిపైనా రావచ్చు కనుక, ఖర్చు భరిస్తారేమో అడిగి చూడండి. ట్రిబ్యునల్‌లో కమిషన్ కోసం వెళ్లే గడువు నెలల్లోనే ముగుస్తుంది, దాన్ని ఈ గొడవ తేలేదాకా ఆపవద్దు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. రాజీనామా లేఖలో కృతజ్ఞతలే ఉన్నాయి. పాత ఖాతాదారుల జాబితా ఒకటి అతని సొంత ల్యాప్‌టాప్‌లో ఉండిపోయిందట. తీసేయమని చెప్పనా?

జవాబు 2 (బర్మింగ్‌హామ్)

వద్దు, దయచేసి ఆ మాట అనకండి. ఉత్తరం అందిన తరువాత తొలగిస్తే సాక్ష్యం మాయం చేశాడంటారు. తెరిచి వాడితే రహస్య సమాచారం దుర్వినియోగమంటారు. ఆ ఫైలును ముట్టకుండా, అది ఉన్న సంగతి ఇవాళే సొలిసిటరుకు చెప్పమనండి. ఒప్పందం, ఉత్తరం, రాజీనామా లేఖ, కమిషన్ లెక్కలతో పాటు ఈ విషయం కూడా బారిస్టరు ముందుకు వెళ్లాలి. అప్పుడు పూర్తి ఆరు నెలలు ఇంట్లో కూర్చోకుండా, ఫలానా ఖాతాదారుల జోలికి వెళ్లనని పరిమిత హామీ ఇచ్చి కొత్త ఉద్యోగంలో చేరే దారి ఉందేమో ఆయన చూడగలరు. వీసా స్పాన్సర్‌షిప్ మీద ఉంటే కొత్త సంస్థ తరఫున అనుమతి వచ్చేవరకు చేరే వీలు ఎలాగూ లేదు, ఆ తేదీలు కూడా కలిపి పంపండి.