మూత్రంలో మంట లేదు, జ్వరం లేదు. అయినా యాంటీబయాటిక్ వేసుకోవాలా? (ఐదో నెల)

ఉప్పల్ కోడలు

అందరికీ నమస్కారం. నాకిది మొదటి కాన్పు, 20వ వారం నడుస్తోంది. సోమవారం మామూలు పరీక్షలతో పాటు డాక్టరమ్మ మూత్రం కల్చర్ (మూత్రంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) కూడా రాశారు. బుధవారం రిపోర్టు వచ్చింది. ఈ.కోలై అనే క్రిమి, మిల్లీలీటరుకు లక్షకు పైగా అని ఉంది. కింద మందుల పేర్లు, ఒక్కోదాని ఎదురుగా ఎస్ అనో ఆర్ అనో. నైట్రోఫ్యూరాంటోయిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు రోజుకు రెండు చొప్పున 7 రోజులు వేసుకోమన్నారు.

నాకు మంట లేదు, జ్వరం లేదు. మాటిమాటికీ వెళ్ళాల్సి వస్తోంది కానీ కడుపుతో ఉన్నప్పుడు అది మామూలే కదా. మా అత్తమ్మ "ఎండాకాలం, వేడి చేసింది, అంతే. బిడ్డ కడుపులో ఉండగా అంత మందులెందుకు" అంటున్నారు. నా మంచి కోరే చెబుతున్నారు. తెల్లవారుజామునే లేచి బార్లీ కాచి, వడగట్టి, సీసాలో పోసి నా సంచిలో పెడుతున్నారు. ఆమె మాట తీసేయలేను, మందు మానేయడానికీ ధైర్యం చాలడం లేదు. మాత్రలు రెండు రోజులుగా ఫ్రిజ్ మీదే ఉన్నాయి.

ఇంకో సంగతి. రోజూ ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్తాను. దారిలో ఇబ్బంది పడతానేమోనని నీళ్ళు తాగకుండానే బయలుదేరుతాను, ఆఫీసు చేరేదాకా ఆపుకుంటాను. దానివల్లే వచ్చిందా?

దిల్‌సుఖ్‌నగర్ ల్యాబ్

నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. మందు సంగతి డాక్టర్ గారిదే, రిపోర్టు వరకు నేను చెబుతాను. సీసా పట్టేటప్పుడు చర్మం మీది క్రిములు కొన్ని కలవడం మామూలే. అలా కలిస్తే సాధారణంగా లెక్క తక్కువ వస్తుంది, లేదా రెండు మూడు రకాలు కలగాపులగంగా పెరుగుతాయి. అప్పుడు మళ్ళీ శాంపిల్ అడుగుతాం. మీకు ఒకే రకం, అదీ లక్ష దాటి పెరిగింది. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఎస్ అంటే ఆ మందుకు క్రిమి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. మీ డాక్టర్ గారు ఆ పట్టీ చూసే రాసి ఉంటారు.

ఈసారి శాంపిల్ ఇచ్చేటప్పుడు నీళ్ళతో శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి, మధ్యలోది పట్టండి. ఇంట్లో పట్టి తెస్తే రెండు గంటల్లోపు చేర్చండి. స్కూటర్ డిక్కీలో పెట్టుకుని ఎండలో ఊరంతా తిరిగి మధ్యాహ్నానికి తెస్తారు కొందరు. ఆ వేడికి సీసాలోనే క్రిములు పెరిగిపోతాయి, ఇక ఆ లెక్కకు అర్థం ఉండదు.

మల్కాజిగిరి అమ్మ

చెల్లీ, ఇవాళ రాత్రి అన్నం తినగానే మొదటి మాత్ర వేసుకో. డాక్టరు రాసిందే, నీ పేరు మీద రాసిందే.

నా ఏడో నెలలో నీకు వచ్చినలాంటి రిపోర్టే వచ్చింది. అప్పుడు నాకూ మంట లేదు. కాగితం ఫైల్లో పెట్టేసి కొబ్బరి నీళ్ళు, సబ్జా నీళ్ళు తాగుతూ కూర్చున్నాను. సీమంతం హడావుడి వేరే. తొమ్మిదో రోజు రాత్రి చలి పుట్టింది. మే నెల, ఫ్యాను ఆపించి రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. జ్వరం 103. కుడి పక్క, పక్కటెముకల కింద వీపు వైపు, మా ఆయన వేలు ఆనిస్తే అరిచాను. ఆ తర్వాత పొట్ట గట్టిపడడం మొదలైంది. నాలుగు రోజులు ఆసుపత్రిలో సెలైను, ఇంజెక్షన్లు. పొట్టకు బెల్టు కట్టి బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తూ ఉంటే, ఆ చప్పుడు ఎక్కడ ఆగుతుందోనని రాత్రంతా కన్ను మూయలేదు.

అక్కడి డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించారు. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల కిడ్నీ నుంచి వచ్చే నాళాలు వదులవుతాయి. పెరిగే గర్భసంచి కుడివైపుకు కాస్త ఒరుగుతుంది కాబట్టి అటు నాళం ఎక్కువ నొక్కుకుంటుంది. మూత్రం నిలుస్తుంది, క్రిమి మెల్లగా పైకి పాకుతుంది. మామూలప్పుడు మంట లేకపోతే ఇలాంటి రిపోర్టుకు చాలామందికి మందే ఇవ్వరట. గర్భిణులకు మాత్రం ఇవ్వాలి. ఎందుకంటే వదిలేస్తే నూటికి 20 నుంచి 30 మందికి కిడ్నీ దాకా పోతుందన్నారు. నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం కూడా ఉంది.

"వేడి చేసింది" అన్న మాట మన నోట్లోంచి పోవాలి చెల్లీ. బార్లీ నీళ్ళు తాగు, మంచిదే, నీళ్ళు లోపలికి పోతాయి. క్రిమిని చంపడం మాత్రం దానివల్ల కాదు.

ఆ మందుతో మూత్రం ముదురు పసుపు రంగులోనో గోధుమ రంగులోనో వస్తుంది, భయపడకు. నెలలు నిండాక ఈ మందు ఇవ్వరు, పుట్టే బిడ్డ రక్తానికి మంచిది కాదని. నీకు ఐదో నెలే. జీ6పీడీ లోపం (కొన్ని మందులు పడక ఎర్ర రక్తకణాలు పగిలిపోయే, పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నట్టు మీ ఇంట్లో ఎవరికైనా చెప్పి ఉంటే మాత్రం వేసుకునే ముందే డాక్టరుకు ఫోన్ చెయ్యి. మందుల దుకాణంలో అడిగి సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి అసలు తెచ్చుకోకు. మూడో రోజుకే ఆపకు. నీకు మంటే లేదు కదా, తగ్గిందని నీకెలా తెలుస్తుంది? కోర్సు అయ్యాక వారం పది రోజులకు మళ్ళీ కల్చర్ అడుగు. ఈలోపు చలిజ్వరం, పక్కనొప్పి, వాంతులు వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, ఏ వేళైనా ఆసుపత్రికి వెళ్ళు.

కొత్తపేట పెద్దమ్మ

అమ్మా, ఆపుకోవడం మానేయి. నీళ్ళు తాగే బయలుదేరు, అవసరమైతే అమీర్‌పేటలో దిగి వెళ్ళొచ్చి తర్వాతి రైలు ఎక్కు. పది నిమిషాలు ఆలస్యమైతే ఆఫీసు ఎక్కడికీ పోదు. ఈసారి చెకప్‌కు అత్తమ్మను వెంట తీసుకెళ్ళు. మా కోడలు చెబితే నేనూ వినలేదు, డాక్టరు నోట విన్నాక ఇంకో మాట అనలేదు. చదివేవాళ్ళలో డబ్బుకు ఇబ్బంది ఉన్నవారు ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి, ఆ రోజు గర్భిణులకు ఉచితంగా చూస్తారు, మూత్ర పరీక్ష కూడా చేస్తారు.

ఉప్పల్ కోడలు

నిన్న రాత్రే మొదలుపెట్టాను అక్కా. మీరు రాసింది అత్తమ్మకు చదివి వినిపించాను. పక్కనొప్పి దగ్గరికి వచ్చేసరికి చేతిలో చిక్కుడుకాయలు పక్కన పెట్టేశారు. ఇవాళ పొద్దున బార్లీ సీసాతో పాటు మాత్ర, రెండు ఇడ్లీలు ఆమే తెచ్చి ముందు పెట్టారు. రంగు మీరు చెప్పినట్టే మారింది, ముందే తెలియకపోతే హడలిపోయేదాన్ని. అత్తమ్మ ఒక్కటి అడగమన్నారు. ఆ పాప ఎలా ఉంది?

మల్కాజిగిరి అమ్మ

37 వారాలు నిండాక పుట్టింది, రెండు కిలోల ఆరు వందలు. ఇప్పుడు రెండేళ్ళు. ఇది రాస్తుంటే ఫోను లాక్కుంటోంది, మీ అత్తమ్మకు చెప్పు.