అప్‌డేట్: జొన్నరొట్టె పగలకుండ వచ్చింది, ఉసిళ్లు (రెక్కల చెదపురుగులు) కూడ తిన్న

పోయిన వారం అడిగిన కదా, జొన్నరొట్టె కొట్టంగనే అంచులు పగిలిపోతున్నయ్, గోధుమపిండి కలపకుండ ఎట్ల అని. చానమంది మసిలే నీళ్లు పొయ్యమన్నరు. అదే పనిచేసింది. గోధుమపిండికుండే జిగురు జొన్నకు లేదు కాబట్టి, వేడినీళ్లకు పిండి కొంచెం ఉడికితేనే పట్టు వస్తదట. నేను ఇన్నాళ్లు గోరువెచ్చని నీళ్లతోనే కానిచ్చిన. ఇప్పుడు గరిటెతో కలిపి, చేయి పట్టేంత చల్లారినంక అరచేతి మడిమతో బాగ పిసుకుతున్న. ఒక్కో రొట్టెకు ఒక్కో ముద్ద, అప్పటికప్పుడు. పాత పిండి కూడ పగులుతదని చెప్పినాయన మాట నిజమే, తాజాగ పట్టించినంక తేడా తెలిసింది.

ఆదివారం దేవరకొండ దిక్కు మా అత్తమ్మ వాళ్ల ఊరికి పోయినం. రాత్రికి రొట్టె, చింతచిగురు పప్పు. ముందురోజు వాన పడ్డది, ఉసిళ్లు లేసినయ్. లైటు కింద నీళ్ల టబ్బు పెడితే వచ్చి పడ్డయ్. ఎండబెట్టి, రెక్కలు చెరిగి, నూనె లేకుండ పెనం మీద వేయించి, ఉప్పుకారం చల్లి పేలాల్లో కలిపిన్రు. మా ఆయన గుప్పిళ్లు గుప్పిళ్లు తింటుంటే నేను మొదటిది కండ్లు మూసుకునే నమిలిన. వేయించిన పల్లీలోలె కమ్మగ ఉన్నయ్! రొయ్యలు పడనోళ్లు మాత్రం జాగ్రత్త, ఇవి కూడ పడకపోవచ్చు.

మా చిన్నోడు ముట్టలే. రొట్టెలు మాత్రం మూడు తిన్నడు.