బెంజీన్ సంశ్లేషణ ఎంథాల్పీ: 48.5 రావాల్సిన చోట 180.6 వస్తోంది

ప్రశ్న:
దహన ఎంథాల్పీలతో (కాలినప్పుడు వచ్చే వేడి) ద్రవ బెంజీన్ సంశ్లేషణ ఎంథాల్పీ (మూలకాల నుంచి ఒక మోల్ ఏర్పడేటప్పటి వేడి మార్పు) కడుతున్నాను. తీసుకున్న విలువలు (కిలోజౌల్/మోల్): బెంజీన్ దహనం −3267.0, కార్బన్ కాలి కార్బన్ డయాక్సైడ్ అవడం −393.5, హైడ్రోజన్ కాలి నీరవడం −241.8. మొదటి సమీకరణాన్ని తిరగేసి, రెండోదాన్ని ఆరుతో, మూడోదాన్ని మూడుతో గుణించి కలిపాను. +180.6 వచ్చింది, జవాబేమో 48.5. గుర్తులు రెండుసార్లు సరిచూశాను. తప్పెక్కడ?

జవాబు 1:
గుర్తులు సరిగ్గానే ఉన్నాయండీ, తేడా నీటి దగ్గరే. −241.8 ఆవిరి విలువ. దహన విలువలు 25 డిగ్రీల దగ్గర నీరు ద్రవంగా మిగిలినట్టు ఇస్తారు కాబట్టి −285.83 వెయ్యాలి. మీకు ఎక్కువ వచ్చిన 132.1ని మూడుతో భాగిస్తే 44. ఒక మోల్ నీరు ఆవిరవడానికి పట్టే వేడి అదే!

6 కార్బన్ (గ్రాఫైట్) + 6 ఆక్సిజన్ → 6 కార్బన్ డయాక్సైడ్: −2361.0
3 హైడ్రోజన్ + 1½ ఆక్సిజన్ → 3 నీరు (ద్రవం): −857.49
6 కార్బన్ డయాక్సైడ్ + 3 నీరు (ద్రవం) → బెంజీన్ (ద్రవం) + 7½ ఆక్సిజన్: +3267.0

మొత్తం +48.51. ఒక పక్క ఆవిరి, ఇంకో పక్క ద్రవం ఉంటే నీటిని కొట్టేయకూడదు. అందుకే ప్రతి పదార్థం పక్కన స్థితి రాసుకోవాలి.

జవాబు 2:
అడ్డదారి సూత్రం వాడేవాళ్లకు ఇంకో గుంట ఉంది. సంశ్లేషణ విలువలిస్తే ఉత్పన్నాల మొత్తం నుంచి క్రియాజనకాలది తీసెయ్యాలి. దహన విలువలిస్తే సరిగ్గా తిరగబడుతుంది. కలగాపులగం చేస్తే −48.5 వస్తుంది, అంకె సరిపోయింది కదా అని గుర్తు ఎవరూ చూసుకోరు.

దశాంశాలు మధ్యలో కత్తిరించొద్దు. మూడువేల పైచిలుకు అంకెలు రెండు దాదాపు కొట్టుకుపోయి 48 మిగులుతోంది. దహన విలువలో 0.1 శాతం పొరపాటు అంటే 3.3 కి.జౌ., జవాబులో దాదాపు 7 శాతం. గ్రాఫైట్ బదులు వజ్రం విలువ పడినా మోల్‌కి 1.9 చొప్పున 11.4 తేడా.

అడిగినవారు:
ఇప్పుడు సరిపోయింది, ధన్యవాదాలు. మరి ల్యాబ్‌లో మెగ్నీషియం ఆక్సైడ్ సంశ్లేషణ ఎంథాల్పీ కట్టడానికి లోహాన్ని నేరుగా కాల్చకుండా ఆమ్లంలో వేయిస్తారెందుకు?

జవాబు 3:
గాలిలో కాలిస్తే కొంత నైట్రోజన్‌తో కలిసి నైట్రైడ్ అవుతుంది, కొంత తెల్లపొగై పోతుంది, ఆ మంట వేడిని మామూలు కాలరీమీటర్‌లో (వేడి కొలిచే పాత్రలో) పట్టలేం. ఆమ్లంలో అయితే లోహానికి −466.9, ఆక్సైడ్‌కి −151.0. రెండోదాన్ని తిరగేసి, నీటి −285.8 కలిపితే −601.7.

100 మి.లీ. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 0.5 గ్రా. మెగ్నీషియం రిబ్బన్‌కి సుమారు 23 డిగ్రీలు, విడిగా అంతే ఆమ్లంలో 1 గ్రా. ఆక్సైడ్‌కి 9 డిగ్రీలు పెరగాలి. రిబ్బన్‌ని గరుకు కాగితంతో రుద్ది తూచండి. ఆక్సైడ్‌తోనే అసలు తంటా: మూత సరిగా లేని సీసాలోది తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చుకుని ఉంటుంది, వేడి తక్కువిస్తుంది. దాన్ని తిరగేసి కూడుతున్నాం కనుక తుది జవాబు −601.7 కన్నా ఇంకా రుణాత్మకంగా పోతుంది. అనుమానముంటే వాడేముందు మూసలో ఎర్రగా కాల్చి, డెసికేటర్‌లో (తేమ తగలని మూతపాత్రలో) చల్లార్చండి.