పల్స్ ఆక్సీమీటర్: చర్మం రంగుకు సవరణ సాఫ్ట్‌వేర్‌లో వేయొచ్చా, క్యాలిబ్రేషనే మళ్లీ చేయాలా?

బీఎంఈ_డిజైన్:
రక్తంలో ఆక్సిజన్ శాతం (శాచురేషన్) చూడ్డానికి వేలికి తగిలించే ఆక్సీమీటర్ ముదురు చర్మం మీద ఎక్కువ చూపిస్తుందన్న గొడవ 2020 డిసెంబరు నుంచి గట్టిగా నడుస్తోంది. మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు ఆసుపత్రి రికార్డులు తిరగేశారు. మీటరు 92–96 చూపించిన సమయాల్లో ధమని రక్తం పరీక్షలో అసలు శాచురేషన్ 88 కంటే తక్కువ తేలినవి తెల్లవాళ్ల కొలతల్లో 3.6 శాతం, నల్లవాళ్ల కొలతల్లో 11.7 శాతం. మన దగ్గర చామనఛాయ నుంచి బాగా నలుపు దాకా అన్ని రంగులూ ఉన్నాయి కాబట్టి ఇది అమెరికా గొడవ అని వదిలేయలేం.

నా ప్రతిపాదన ఇది. క్లిప్‌లోనే చిన్న రంగు సెన్సర్ పెట్టి, చర్మం ముదురుదనాన్ని ఐటీఏ కోణంగా (రంగు కొలతల నుంచి లెక్కగట్టే అంకె) కొలిచి, దాన్ని బట్టి రీడింగ్‌ను సాఫ్ట్‌వేర్ తగ్గించాలి. వందమందికి పైగా వాలంటీర్లతో క్యాలిబ్రేషన్ మళ్లీ చేయడం చిన్న కంపెనీల వల్ల కాదు. అభ్యంతరాలు చెప్పండి.

ఆప్టిక్స్_బెంచ్:
దేనికి సవరణ వేస్తున్నారో ముందు తేలాలండి. సిద్ధాంతం ప్రకారం చర్మానికి రంగునిచ్చే మెలనిన్ లెక్కలోకే రాకూడదు. ఎరుపు 660, ఇన్‌ఫ్రారెడ్ 940 నానోమీటర్లు. ఒక్కో కాంతిలో నాడితో పాటు మారే భాగాన్ని మారని భాగంతో భాగిస్తాం, ఆ రెండింటి నిష్పత్తే ఆర్. మీటరు ఆర్‌ను తనలోని క్యాలిబ్రేషన్ పట్టికలో చూసి రీడింగ్‌గా మారుస్తుంది, ఆర్ తగ్గితే రీడింగ్ పెరుగుతుంది. మెలనిన్ నాడితో కొట్టుకోదు, కాబట్టి భాగహారంలో ఎగిరిపోవాలి. పూర్తిగా ఎగిరిపోదు. దానికి కనీసం రెండు కారణాలు కనిపిస్తాయి.

ఎల్‌ఈడీ ఒకే తరంగదైర్ఘ్యం ఇవ్వదు, 20–30 నానోమీటర్ల వెడల్పు ఉంటుంది. అందులో పొట్టి తరంగాలను మెలనిన్ ఎక్కువ మింగేస్తుంది. దాంతో రక్తం దాకా చేరే ఎరుపు సగటున పొడుగు వైపు జరుగుతుంది. అక్కడ ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ కాంతిని పీల్చుకోవడం తక్కువ. ఆర్ తగ్గుతుంది, రీడింగ్ పెరుగుతుంది. శాచురేషన్ ఎంత పడిపోతే ఈ తప్పు అంత పెద్దదవుతుంది.

రెండోది నాయిస్. వెలుతురు తక్కువై రెండు ఛానళ్లనూ నాయిస్ ముంచేస్తే ఆర్ 1 వైపు, రీడింగ్ 85 వైపు జారుతుంది. అసలు 75 ఉన్నవాళ్లకు ఎక్కువ చూపిస్తుంది, 97 ఉన్నవాళ్లకు తక్కువ. ఇలాంటి చోట "నలుపైతే 2 తీసేయి" అన్నామంటే 97 ఉన్నవాడి తప్పు ఇంకా పెరుగుతుంది.

బీఎంఈ_డిజైన్:
ఒప్పుకుంటాను, స్థిరమైన సంఖ్య వద్దు. ఐటీఏ, ఆర్, పర్ఫ్యూజన్ ఇండెక్స్ (వేలిలో నాడి సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె) మూడూ తీసుకునే ఫంక్షన్ పెడదాం. అప్పుడు?

ఆప్టిక్స్_బెంచ్:
ఆ ఫంక్షన్‌లో గుణకాలు ఎక్కడి నుంచి వస్తాయి? రకరకాల రంగుల వాళ్లకు ఆక్సిజన్ తగ్గించి, ధమని రక్తంతో పోల్చి చూస్తేనే కదా. తిరిగి తిరిగి మీరు తప్పించుకోవాలనుకున్న పరీక్ష దగ్గరికే వచ్చారు.

మత్తు_డాక్టర్:
ఐసీయూ వైపు నుంచి రెండు మాటలు. మీటరు ఎక్కువ చూపిస్తేనే ప్రమాదం, తక్కువ చూపిస్తే పర్వాలేదు అనుకోకండి. సీఓపీడీ (దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) రోగికి మేం 88–92 మధ్య ఉంచుతాం. సవరణ వల్ల 91 కాస్తా 87గా కనిపిస్తే నర్సు ఆక్సిజన్ పెంచుతుంది, రోగిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. నెలలు నిండని బిడ్డల్లో ఎక్కువైన ఆక్సిజన్ కళ్ల రెటీనాను దెబ్బతీస్తుంది.

ఇంకో సంగతి. సవరణతో సగటు తప్పు తగ్గొచ్చు గానీ చెదురు తగ్గదు. ఒకే రంగు చర్మం ఉన్న ఇద్దరిలో ఒకరికి +4, ఇంకొకరికి 0 వస్తుంటే రంగు తెలిసినంత మాత్రాన ఏం లాభం? శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ల్యాబ్ ప్రయోగాల్లో ముదురు చర్మం, తక్కువ రక్తప్రసరణ ఒకేచోట కలిసినప్పుడే తప్పు ఎక్కువగా కనిపించింది. షాక్‌లో ఉన్న రోగి చల్లటి వేలికి రంగు సెన్సర్ ఏం సాయం చేస్తుంది?

కిడ్నీ పనితీరు లెక్కలో జాతి గుణకం పెట్టి, చివరికి 2021లో తీసేశారు. అక్కడ జాతి ముద్ర, మీరు రంగును నిజంగా కొలుస్తామంటున్నారు, ఆ తేడా ఒప్పుకుంటాను. అయినా మూలం సరిచేయకుండా పైన అతుకు వేయడమేనని నా అనుమానం.

స్టాండర్డ్స్_ల్యాబ్:
మూలం ఎక్కడుందో లెక్క వేసి చూపిస్తాను. అమెరికా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013 మార్గదర్శకాల ప్రకారం 10 మంది ఆరోగ్యవంతులు, 70–100 పరిధిలో 200 జతల కొలతలు చాలు. ముదురు చర్మం వాళ్లు కనీసం ఇద్దరు, లేదా 15 శాతం, ఏది ఎక్కువైతే అది. వేలి క్లిప్‌కు ఆర్ఎంఎస్ తప్పు (తప్పుల వర్గాల సగటుకు వర్గమూలం) 3 దాటకూడదు.

ఎనిమిది మందిలో తప్పు 1.5, ముదురు చర్మం ఉన్న ఇద్దరిలో 5 అనుకోండి. వర్గాలు కలిపితే 8×2.25 + 2×25 = 68. పదితో భాగించి వర్గమూలం తీస్తే 2.6. పరికరం పాస్! ఆ ఇద్దరి తప్పు మిగతా ఎనిమిది మందిలో కలిసిపోయింది. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు ఈ లెక్కకట్టే పద్ధతే మారాలి. 2025 జనవరిలో ఎఫ్‌డీఏ విడుదల చేసిన ముసాయిదా 150 మందికి తక్కువ కాకుండా పరీక్షించమంటోంది, రంగును మాంక్ స్కేల్‌తోనూ (చర్మం ఛాయలను పోల్చి చూసే పట్టీ) ఐటీఏతోనూ నమోదు చేయమంటోంది.

పనిలో పని, సిమ్యులేటర్ (వేలి బదులు కృత్రిమ సిగ్నల్ ఇచ్చే పెట్టె) మీద 97 పెడితే 97 చూపించింది కాబట్టి మీటరు కచ్చితం అనేవాళ్లకు: సిమ్యులేటర్ పరీక్షించేది ఎలక్ట్రానిక్స్ పనిచేస్తుందా, ఆ మీటరు పట్టికను సరిగ్గా చదువుతోందా అన్నదే. పట్టిక మనిషికి సరిపోతుందా అన్నది దానికి తెలియదు. కచ్చితత్వం నిరూపించడానికి దాన్ని వాడకూడదని ఆక్సీమీటర్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 80601-2-61 స్పష్టంగానే చెబుతోంది.

ఎంబెడెడ్_కుర్రాడు:
ఫైనలియర్ ప్రాజెక్టుల వాళ్లకూ ఇక్కడ పాఠం ఉంది అన్నా. అందరూ మ్యాక్స్30102 ఆక్సీమీటర్ సెన్సర్ మాడ్యూల్ తెచ్చి, నెట్‌లో దొరికిన 110 − 25×ఆర్ సూత్రం వేసేస్తారు. ఆ చిప్‌లో ఇన్‌ఫ్రారెడ్ 880, పైగా అది వేలి గుండా కాకుండా వెనక్కి వచ్చే కాంతిని చదువుతుంది. తయారీదారు నమూనా కోడ్‌లో వేరే సూత్రం ఉంది: −45.06×ఆర్² + 30.354×ఆర్ + 94.845. ఆర్ 1 అయితే మొదటిది 85 ఇస్తుంది, రెండోది 80. ఆర్ 0.5 దగ్గర రెండింటికీ తేడా దాదాపు ఒకటే పాయింటు, కాబట్టి ఆరోగ్యంగా ఉన్న స్నేహితుల వేళ్ల మీద ఏ సూత్రమైనా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. దాని మీద రంగు సవరణ కూడా వేస్తే గాలిలో మేడ కట్టినట్టే.

బీఎంఈ_డిజైన్:
స్టాండర్డ్స్ గారూ, 150 మంది అంటే ఒక్కొక్కరికి 20 నమూనాల చొప్పున 3000 ధమని రక్తం నమూనాలు. మణికట్టు ధమనిలో గొట్టం పెట్టాలి, నైట్రోజన్ కలిపిన గాలి పీల్పించి మెట్లుమెట్లుగా 70 దాకా దించాలి, ప్రతి మెట్టు దగ్గర రీడింగ్ నిలకడగా నిలిచాక నమూనా తీయాలి, కో-ఆక్సీమీటర్‌లో (రక్తం నమూనాలో శాచురేషన్‌ను నేరుగా కొలిచే యంత్రం) చూడాలి, పక్కన మత్తు డాక్టర్ ఉండాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి సరేసరి. ఇంత భారం వేస్తే ఇక్కడ తయారుచేసేవాళ్లు మానేస్తారు, దిగుమతి క్లిప్పులే మిగులుతాయి. అప్పుడు ముదురు చర్మం రోగికి ఏం ఒరిగింది?

స్టాండర్డ్స్_ల్యాబ్:
ఆ వాదనలో బలముంది, కాదనను. కానీ ఒక్కో కంపెనీ విడిగా చేయాలని లేదు. ఒకే వాలంటీరు వేళ్లకు నాలుగైదు కంపెనీల క్లిప్పులు ఒకేసారి పెట్టొచ్చు, రక్తం నమూనా అందరికీ ఒకటే. కాంతి పక్క క్లిప్‌లోకి పోకుండా ఒక్కోదానికి నల్లటి కవచం వేయాలి, అంతే. విశాఖ మెడ్‌టెక్ జోన్ లాంటి చోట్ల పరీక్షశాలల్ని ఉమ్మడిగా వాడుకుంటున్నారు, ఈ పరీక్షకూ ఆ దారి పట్టొచ్చు. మీ రంగు సెన్సర్‌నూ అందులోనే పెట్టండి, గుణకాలకు అప్పుడు ఆధారం దొరుకుతుంది.

పరికరాల_స్టోర్:
జిల్లా ఆసుపత్రి కొనుగోళ్లకు కొత్త ప్రమాణం వచ్చేదాకా ఆగే వీలు లేదు. టెండరులో ఈ రెండు షరతులు ఇప్పుడే రాసుకోవచ్చు. ఒకటి, క్లినికల్ పరీక్ష ఫలితాల్లో ముదురు చర్మం వాళ్ల సగటు తప్పు విడిగా చూపించాలి, 70–80, 80–90, 90–100 పరిధులకు వేర్వేరుగా. రెండు, తెర మీద పర్ఫ్యూజన్ ఇండెక్స్ కనిపించాలి. మొదటిది అడిగితేనే సగం బ్రోచర్లు పక్కకు పోతాయి.

వార్డులో గోరింటాకు సంగతి కూడా చూడండి, పెళ్లిళ్ల సీజన్లో ఇది చిన్న విషయం కాదు. గోరూ వేలికొనా బాగా పండి ఉంటే, ముఖ్యంగా రంగు కలిపిన నల్ల మెహందీ అయితే, సిగ్నల్ అసలు అందకపోవచ్చు. కాలివేలు గానీ చెవితమ్మె గానీ వాడాలి, చెవికి చెవి క్లిప్పే పెట్టాలి, వేలి క్లిప్ కాదు.

మత్తు_డాక్టర్:
రెండో షరతుకు ఇంకోటి కలపండి: ఇండెక్స్ మరీ తక్కువైనప్పుడు అంకె బదులు గీతలు రావాలి. ఏదో ఒక అంకె కనిపిస్తే జూనియర్లు నమ్మేస్తారు, గీతలు కనిపిస్తే రక్తం తీసి ఏబీజీకి (ధమని రక్తం పరీక్షకు) పంపుతారు.

పరికరాల_స్టోర్:
పెద్దాసుపత్రిలో అది బాగుంటుంది డాక్టరు గారూ. పీహెచ్‌సీలో ఏబీజీ మెషిన్ ఎక్కడిది? గీతలు వస్తే సిస్టర్ క్లిప్ పాడైందనుకుని పక్కన పడేస్తుంది. అంకె ఉండనిచ్చి, పక్కన ఎర్ర లైటు వెలిగేలా అడుగుతాను. చేతులు రుద్ది వెచ్చబెట్టి మళ్లీ చూడమని, అప్పటికీ ఎర్ర లైటు పోకపోతే అంకె నమ్మకుండా ఊపిరి వేగం లెక్కబెట్టి రెఫర్ చేయమని క్లిప్ మీదే స్టిక్కరు.