రివోకబుల్ ట్రస్ట్: పాత ప్రతిలోనే గీత కొట్టి మార్చుకోవచ్చా? (కాలిఫోర్నియా)

ఫ్రీమాంట్‌వాసి:
భార్యాభర్తలిద్దరి పేరుతో రివోకబుల్ లివింగ్ ట్రస్ట్ (బతికుండగా మార్చుకోగల, రద్దు చేసుకోగల ట్రస్ట్) ఉంది. సక్సెసర్ ట్రస్టీని (మా తర్వాత ట్రస్ట్ చూసుకునేవారిని), పిల్లల వాటాలను మార్చాలి. పాత ప్రతిలోనే గీత కొట్టి పక్కన రాస్తే చెల్లుతుందా? లేక రద్దు చేసి కొత్తది రాయించాలా? ఇంటి డీడ్ సంగతేంటి? కొత్త బ్యాంకు ఖాతా ఒకటి కలపాలి. హైదరాబాద్ ప్లాటు కూడా షెడ్యూల్‌లో (ట్రస్ట్‌కు జతచేసిన ఆస్తుల జాబితాలో) ఉంది.

పేపర్‌పులి:
గీతలు కొట్టకండి. పీనా వర్సెస్ డే కేసు, 2019 చూడండి. ట్రస్ట్ పెట్టినాయన ఆ ట్రస్ట్ కాగితాల మీద చేత్తో దిద్ది, పోస్ట్-ఇట్ అంటించి లాయరుకు పంపాడు. కొత్త కాగితం టైపై సంతకం అయ్యేలోపే పోయాడు. పోస్ట్-ఇట్ చివర ఆయన పేరుంది, కానీ అది దిద్దుబాట్లకు సంతకం కాదంది కోర్టు. దిద్దుబాట్లలో కొత్తగా పేరు చేర్చిన మనిషికి పైసా దక్కలేదు.
విడిగా ఒక కాగితం తీసుకోండి. "ఫలానా తేదీ ట్రస్ట్‌కు మొదటి సవరణ. ఫలానా ఆర్టికల్ పూర్తిగా తీసేసి, దాని స్థానంలో ఇది" అని రాయండి. తేదీ, సంతకం, ట్రస్టీకి అందజేత. మీరే ట్రస్టీ అయితే మీ దగ్గరుంటే అందినట్టే. కాలిఫోర్నియా ప్రొబేట్ కోడ్ (విల్లులు, ట్రస్ట్‌ల చట్టం) సెక్షన్లు 15401, 15402.

ఆవకాయ_శాన్‌హోసే:
నోటరీ మర్చిపోయారు. నోటరీ లేకపోతే చిత్తు కాగితమే. సంతకానికి 15 డాలర్ల దగ్గర పీనాసితనం ఎందుకు?

పేపర్‌పులి:
15401లో నోటరీ అన్న మాట ఎక్కడుందో చూపించండి.

ఆవకాయ_శాన్‌హోసే:
చట్టంలో లేకపోతేనేం, ట్రస్ట్‌లో ఉంటుంది కదా! చాలా ఫారాల్లో నోటరీ కావాలనే ఉంటుంది. అందులో ఉన్న పద్ధతి తప్పితే సవరణ చెల్లదని కింగ్ వర్సెస్ లించ్‌లో 2012లోనే చెప్పారు.

పేపర్‌పులి:
ఆ తీర్పు ఇప్పుడు చెల్లదు. హ్యాగర్టీ వర్సెస్ థార్న్‌టన్, కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, 2024 ఫిబ్రవరి. అక్కడా ట్రస్ట్‌లో నోటరీ కావాలనే ఉంది, సవరణకు నోటరీ లేదు, అయినా నిలబడింది. ట్రస్ట్‌లో ఉన్న పద్ధతే ఏకైక మార్గమని స్పష్టంగా రాసి ఉంటే తప్ప, 15401 దారి కూడా తెరిచే ఉంటుంది. ఈ సెక్షన్లు నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఎడిసన్_బాబాయ్:
ఇదంతా మీ కాలిఫోర్నియా వైభోగం. న్యూయార్క్‌లో సవరణకైనా రద్దుకైనా నోటరీ ముందు ఒప్పుకోలు, లేదా ఇద్దరు సాక్షులు (ట్రస్ట్‌లో వేరేలా లేకపోతే). ఈ చర్చ చదివి అక్కడివాళ్లు మునిగిపోతారు.

పేపర్‌పులి:
బాబాయ్, శీర్షికలో రాష్ట్రం పేరుంది.

లెక్కలమాస్టారు:
హ్యాగర్టీ కేసులో ఆ సవరణ నిలబడటానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. అదీ 15 డాలర్ల లెక్క. ఇద్దరూ సగం సగం కరెక్టే, ఇక ఆపండి.
అసలు ప్రమాదం వేరే ఉంది. ఇద్దరి ట్రస్ట్ అంటున్నారు. కమ్యూనిటీ ప్రాపర్టీ (పెళ్లయ్యాక సంపాదించిన ఉమ్మడి ఆస్తి) అయితే ఫ్యామిలీ కోడ్ 761 ప్రకారం రద్దు ఒక్కరే చేయొచ్చు, మార్పుకు మాత్రం ఇద్దరూ ఒప్పుకోవాలి (ట్రస్ట్‌లో వేరేలా లేకపోతే). ఒక్క సంతకంతో పిల్లల వాటాలు మార్చేస్తే తర్వాత కోర్టులో కొట్టుకుంటారు. పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవాళ్లు కూడా మార్చలేరు, ట్రస్ట్‌లోనే ఆ అనుమతి రాసి ఉంటే తప్ప.

వీసాల_వెంకి:
విడాకుల కేసు నడుస్తుంటే?

లెక్కలమాస్టారు:
సమన్లతో పాటే నిషేధం వస్తుంది, ఫ్యామిలీ కోడ్ 2040. అవతలివాళ్ల రాతపూర్వక సమ్మతి గానీ, కోర్టు ఆదేశం గానీ లేకుండా మార్పు కుదరదు. రద్దు చేసుకోవచ్చు, కానీ అది అమల్లోకి రాకముందే నోటీసు కోర్టులో దాఖలు చేసి అవతలివాళ్లకు అందజేయాలి.

పేపర్‌పులి:
"రద్దు చేసి కొత్తది" అనేవాళ్లకు. ట్రస్ట్‌ను రద్దు చేస్తే దానికి కట్టిన పోర్-ఓవర్ విల్లులో (మిగిలిన ఆస్తిని ట్రస్ట్‌కే రాసే విల్లులో) ఆ రాత కూడా పోతుంది, ప్రొబేట్ కోడ్ సెక్షన్ 6300. ఇల్లు ట్రస్టీల పేరు నుంచి మళ్లీ మీ పేరుకు, అక్కడి నుంచి కొత్త ట్రస్ట్‌కు: రెండు డీడ్‌లు. ప్రతిదానికీ పీసీఓఆర్ ఫారం (యాజమాన్య మార్పు వివరాలు తెలిపేది) జత చేయాలి, లేదంటే కౌంటీ రికార్డర్ అదనంగా 20 డాలర్లు వేస్తాడు. ఆస్తి పన్ను పెరగదు, ట్రాన్స్‌ఫర్ టాక్స్ ఉండదు, కానీ ఆ మినహాయింపు డీడ్ మీదే రాయాలి. దీనికి బదులు రీస్టేట్‌మెంట్ చేయించండి. పాత తేదీ అలాగే ఉండి లోపలి రాతంతా మారుతుంది. డీడ్ ముట్టుకోనక్కర్లేదు.

ఆవకాయ_శాన్‌హోసే:
బ్యాంకు ఖాతాకు సవరణ అనవసరం. ఖాతాను ట్రస్టీల పేరున మార్పించండి. బ్యాంకు సర్టిఫికేషన్ ఆఫ్ ట్రస్ట్ (ట్రస్ట్ ఉందని, ట్రస్టీలెవరో చెప్పే పత్రం) అడుగుతుంది, ప్రొబేట్ కోడ్ 18100.5. దాని మీద ట్రస్టీలందరి సంతకాలు, నోటరీ తప్పనిసరి. పులిగారూ, ఇది చట్టంలోనే ఉంది, చదువుకోండి.

కూకట్‌పల్లి_కుర్రాడు:
హైదరాబాద్ ప్లాటు గురించి ఒక్కరూ మాట్లాడరేం? అమెరికాలో షెడ్యూల్ మీద రాస్తే ఇక్కడి భూమి కదలదు. ఇండియన్ ట్రస్ట్స్ యాక్ట్ 1882, సెక్షన్ 5: స్థిరాస్తి మీద ట్రస్ట్ కావాలంటే రిజిస్టరైన పత్రం గానీ, విల్లు గానీ ఉండాలి. ఇంకో తిరకాసు: కాలిఫోర్నియాలో ఇర్రివోకబుల్ అని రాయకపోతే రద్దు చేసుకోవచ్చు, ఇక్కడ అంతా తలకిందులు. విల్లుతో పెట్టని ట్రస్ట్‌లో రద్దు అధికారం స్పష్టంగా అట్టిపెట్టుకోకపోతే పోయినట్టే, సెక్షన్ 78.

ఎడిసన్_బాబాయ్:
లబ్ధిదారులంతా ఒప్పుకుంటే రద్దు చేయొచ్చు బాబూ, అదే సెక్షన్‌లో ఉంది. సగం చదివి భయపెట్టకు.

కూకట్‌పల్లి_కుర్రాడు:
అందరూ కాంట్రాక్టు చేయడానికి అర్హులైతేనే. మైనర్ ఒక్కడున్నా ఆ దారి మూసుకున్నట్టే. మీరు చదివిన సగం అదన్నమాట.

వీసాల_వెంకి:
ఈ గోలంతా ఎందుకు, ప్లాటు ఇప్పుడే కొడుక్కి గిఫ్ట్ రాసేస్తే? ఇండియా రాకుండా అవుతుందా?

కూకట్‌పల్లి_కుర్రాడు:
గిఫ్ట్ ఇచ్చాక మనసు మారితే వెనక్కి రాదు. "నాకిష్టమైనప్పుడు రద్దు చేసుకుంటా" అని ముందే రాసుకుంటే అసలు గిఫ్టే చెల్లదు, ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ 126. వయసు అరవై దాటి, నన్ను చూసుకోవాలన్న షరతుతో ఇచ్చి, అతను చూసుకోకపోతే 2007 సీనియర్ సిటిజన్స్ చట్టం సెక్షన్ 23 కింద ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. అయినా ఇస్తానంటే, అక్కడే నోటరీ ముందో కాన్సులేట్‌లోనో పవర్ ఆఫ్ అటార్నీ సంతకం పెట్టి పంపండి. ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. కవరు పారేయొద్దు, దాని మీది తేదీయే రుజువు.