చిన్న శివారు మార్గం కోసం పాత రైలు పెట్టెలు కొనడం: ధర కాక ఇంకేమేమి చూసుకోవాలి?

ప్రశ్న – బాటసారి

అందరికీ నమస్కారం. యాభై కిలోమీటర్ల పొడవున ఒకే లైను మీద, ఉదయం మూడు నాలుగు రైళ్లు, సాయంత్రం మూడు నాలుగు రైళ్లు నడపదలచిన ఒక శివారు మార్గం గురించి మా బృందం నివేదిక తయారు చేస్తోంది. కొత్త పెట్టెలు చేయించుకుందామంటే, పదీ పన్నెండింటి ఆర్డరు కోసం తయారీదారులు ముందుకు రావడం కష్టంగా ఉంది. వచ్చినా డిజైను ఖర్చు, పరీక్షల ఖర్చు అంతా ఆ కొద్ది పెట్టెల మీదనే పడుతుంది. అందువల్ల పెద్ద నగరాల రైల్వేలు సేవ నుంచి తప్పించిన పెట్టెలను కొంటే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. అమెరికాలో నాష్‌విల్ మార్గం ఆ విధంగానే మొదలైందని చదివాను.

పెట్టె చవకగా వస్తుందన్నది అర్థమైంది. ఆ తరువాత ఖర్చు ఎక్కడెక్కడ బయటపడుతుంది? ఎంత వయసు పెట్టె వరకు కొనవచ్చు? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – ఇరుసు

బాటసారి గారికి నమస్కారం. పెట్టెల మరమ్మతు వర్క్‌షాపులో చాలా ఏళ్లు పనిచేసినవాడిని కాబట్టి, మీ రెండో ప్రశ్న నుంచే మొదలుపెడతాను. తయారైన సంవత్సరాన్ని బట్టి పెట్టెను తీసివేయకండి. స్టెయిన్‌లెస్ స్టీలు ఒళ్లున్న నలభై ఏళ్ల పెట్టె, మామూలు ఉక్కుతో చేసిన ఇరవై ఏళ్ల పెట్టె కన్నా గట్టిగా ఉండడం నేను ఎన్నోసార్లు చూశాను. చూడవలసింది నీరు నిలిచే చోట్లను: తలుపు గడప కింద, మెట్ల వెనుక, కిటికీ చట్రాల దిగువ మూలల్లో, మరుగుదొడ్డి కింది నేలలో.

ఒకసారి మేము తెప్పించుకున్న పెట్టెలు కొత్త రంగుతో మెరుస్తూ వచ్చాయి. తలుపు పక్కన రేకును చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతుంటే, జానెడు మేర ఖంగుమనవలసిన శబ్దం మొద్దుగా వినిపించింది. అక్కడ రంగు గీకి చూస్తే కింద లప్పం, లప్పం కింద పొరలు పొరలుగా ఊడివచ్చే తుప్పు. స్క్రూడ్రైవరు నొక్కితే అవతలికి దిగిపోయింది. ఆ ఒక్క మూలను బాగుచేయడానికి లోపలి పలకలు, నేల, తలుపు యంత్రం అన్నీ విప్పవలసి వచ్చింది. అమ్మినవారు ఫొటోలు పంపారు, కానీ ఫొటోలో సుత్తి శబ్దం వినపడదు కదా. అందుకని మీ మనిషి స్వయంగా వెళ్లి, ప్రతి పెట్టె కిందికీ దూరి చూడకుండా బయానా కూడా ఇవ్వకండి.

మనం వాడుకలో పెట్టెనే బోగీ అంటాం గానీ, వర్క్‌షాపులో బోగీ అంటే చక్రాలు, ఇరుసులు, స్ప్రింగులు అమర్చిన కింది బండి. అసలు ఖర్చంతా అక్కడే దాగి ఉంటుంది. చక్రాన్ని లేత్ మీద ఎక్కించి ఆకారం సరిచేసిన ప్రతిసారీ కొంత మందం పోతుంది. అమ్మకానికి వచ్చిన పెట్టెల్లో చక్రాలు చివరి కోతకు చేరుకుని ఉండడం సాధారణం. ఇరుసుల లోపలి పగుళ్లను కనిపెట్టే అల్ట్రాసోనిక్ పరీక్ష ఎప్పుడెప్పుడు జరిగిందో చూపే రిజిస్టరు అడగండి. రిజిస్టరు లేకపోతే ఇరుసులన్నీ మార్చవలసి ఉంటుందన్న లెక్కతోనే ధర మాట్లాడండి.

ఇక మార్గానికి పొసగడం. ఇందులో గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, ఒక్కటే చూస్తే చాలదు. టోక్యోలో గింజా భూగర్భ మార్గంలో తిరిగిన 01 శ్రేణి పెట్టెలు 2015 నుంచి కుమామోతో విద్యుత్ రైల్వేలో నడుస్తున్నాయి. గింజా మార్గం గేజి 1435 మిల్లీమీటర్లు, కుమామోతోది 1067. గింజాలో కరెంటు పట్టాల పక్కనున్న మూడో పట్టా నుంచి వస్తుంది, కుమామోతోలో తలపైన తీగ నుంచి. కాబట్టి కింద కొత్త బోగీలు, పైన తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫు అమర్చవలసి వచ్చింది. అంత మార్పు చేసి కూడా వాటినే ఎందుకు తీసుకున్నారంటే, ఒళ్లు పొట్టిది కనుక. పెద్ద నగరాల్లో ఇప్పుడు మామూలైపోయిన ఇరవై మీటర్ల పెట్టె, పాతకాలపు చిన్న మార్గాల మలుపుల్లో ప్లాట్‌ఫారం అంచును రాసుకుపోతుంది. గేజి మార్చుకోవచ్చు, పొడవు మార్చుకోలేము.

జవాబు – రెండోమేడ

నాష్‌విల్ ప్రస్తావన వచ్చింది కనుక, ఆ మార్గంలో కొంతకాలం రోజూ ప్రయాణించిన అనుభవంతో రాస్తున్నాను. అది 2006 సెప్టెంబరులో మొదలైంది. లెబనాన్ అనే ఊరి నుంచి నాష్‌విల్ నది ఒడ్డు వరకు 32 మైళ్లు, అంటే మీరు చెప్పిన పొడవే. సరుకు రవాణాకు వాడుకలో ఉన్న ఒంటి లైనునే బాగుచేసి, షికాగో శివారు రైల్వే వద్దనుకున్న రెండంతస్తుల పెట్టెలను, అమెరికా దూరప్రయాణపు రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థ పక్కనపెట్టిన ఎఫ్40 రకం డీజిలు ఇంజన్లను తెచ్చుకున్నారు. మొత్తం ప్రారంభ వ్యయం దాదాపు 4.1 కోట్ల డాలర్లే. కొత్త బండ్లే కొనాలని పట్టుబట్టి ఉంటే ఆ మార్గం కాగితం మీదనే ఉండిపోయేదని నా అభిప్రాయం.

ఆ పెట్టెల అమరిక ఎంతో ఆలోచించి చేసినది. 1950లో షికాగోలో బర్లింగ్టన్ రైల్వే కోసం బడ్ సంస్థ తొలిసారి కట్టిన నమూనా అది. పై అంతస్తుకు నడుమ నేల ఉండదు. రెండు పక్కలా అరుగుల్లాంటి వసారాలు, వాటి మీద ఒంటి సీట్ల వరుసలు. కండక్టరు కింది దారిలో నడుస్తూనే చెయ్యెత్తి, పై వరుసలవారి టికెట్లు కూడా చూసేస్తాడు. ఒక్క మనిషి ఒకే నడకలో రెండంతస్తులూ తనిఖీ చేయగలగడం, సిబ్బంది తక్కువగా ఉండే చిన్న మార్గానికి చాలా పెద్ద సౌలభ్యం. అయితే పైకి వెళ్లే మెట్లు ఇరుకు, మోకాళ్లు నొప్పులున్నవారు ఎక్కలేరు. చక్రాల కుర్చీలో వచ్చేవారి సంగతి మొదటే తేల్చుకోండి. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం వాడిన పెట్టెలు కొనేవారికి కూడా వర్తిస్తుంది. మీ దగ్గర చట్టం ఏం చెప్పినా, ప్లాట్‌ఫారం ఎత్తుకూ పెట్టె నేల ఎత్తుకూ ఉన్న తేడాను టేపు పెట్టి కొలవండి. అక్కడి పల్లపు ప్లాట్‌ఫారం పట్టా మీద 8 అంగుళాలు, ఎత్తు ప్లాట్‌ఫారం 48 అంగుళాలు. ఒకదాని కోసం చేసిన తలుపు రెండోదానికి పనికిరాదు.

ఇంజను గురించి ఒక మాట. ఎఫ్40లో దీపాలకు, ఏసీకి కావలసిన 480 వోల్టుల కరెంటు కూడా రైలును లాగే పెద్ద ఇంజను నుంచే వస్తుంది. అందువల్ల రైలు నెమ్మదిగా పోతున్నప్పుడు కూడా అది నిమిషానికి 893 చుట్లు తిరుగుతూనే ఉంటుంది. ఆ హోరును, ఆ డీజిలు ఖర్చును తట్టుకోలేక చాలా రైల్వేలు తరువాత విడిగా జనరేటరు పెట్టించుకున్నాయి. పెట్టెలను చూసి ఇంజనును మరచిపోకండి.

జవాబు – దీవిదారి

పై ఇద్దరూ చెప్పినదానితో నేను చాలావరకు ఏకీభవిస్తాను గానీ, ఒక హెచ్చరిక చేర్చాలి. ఇంగ్లండు దక్షిణాన వైట్ దీవి మార్గం పొడవు ఎనిమిదిన్నర మైళ్లు. రైడ్ సొరంగంలో తలపైన చోటు తక్కువ కాబట్టి మామూలు రైలు పట్టదు. 1967లో విద్యుదీకరణ జరిగినప్పటి నుంచి అక్కడ లండన్ భూగర్భ రైళ్ల పాత పెట్టెలే నడిచాయి. 1938 నమూనా పెట్టెలు 1989లో వచ్చి, 2021 జనవరి వరకు, అంటే ఎనభై ఏళ్ల వయసు దాటాక కూడా జనాన్ని మోశాయి. చివరి రోజుల్లో ఒక బండిని నడపడానికి మరో బండిలోని భాగాలు విప్పవలసి వచ్చేది.

వాటి స్థానంలో వచ్చినవి కూడా వాడినవే. లండన్ డిస్ట్రిక్ట్ మార్గపు పెట్టెలను వివారైల్ అనే సంస్థ తిరగగట్టి ఇచ్చింది; అవి 2021 నవంబరులో సేవలోకి వచ్చాయి. ఏడాది తిరిగాక, 2022 చివరిలో ఆ సంస్థే దివాలా దశకు చేరింది. బండ్లు బాగానే ఉన్నాయి, కానీ వాటిని అలా కట్టినవారే లేకపోతే రేపు ఒక కంట్రోలు బోర్డు కాలిపోయినప్పుడు ఎవరిని అడగాలి? పాత పెట్టెలో పాత యంత్రాలే ఉంటే ఏ వర్క్‌షాపయినా బాగుచేస్తుంది. ఒళ్లు పాతది, లోపలి ఎలక్ట్రానిక్స్ ఒక్కరికే తెలిసినవి అయితే, ఆ రెండింటి కష్టాలూ మీకే వస్తాయి.

బాటసారి

ముగ్గురికీ కృతజ్ఞతలు. దీవిదారి గారి మాట చదివాక మరో సందేహం కలిగింది. రోజూ ఎనిమిది పెట్టెలు నడపాలంటే ఎన్ని కొనాలి?

ఇరుసు

నన్నడిగితే పన్నెండు కొనండి. ఎనిమిది నడుస్తాయి, రెండు వర్క్‌షాపులో వంతుల వారీగా ఉంటాయి. మిగిలిన రెండింటిని నడపాలన్న ఆశ పెట్టుకోకుండా, అన్నిటికన్నా ఒళ్లు పాడైనవాటిని తుక్కు ధరకు అడిగి తెచ్చి, తలుపు మోటార్లు, బ్రేకు వాల్వులు, కిటికీ అద్దాలు, కప్లింగులు విప్పి చీటీలు కట్టి భద్రపరచండి. పన్నెండూ ఒకే తయారీ, ఒకే నమూనావి కావాలి. రెండు రకాలు కలిపితే విడిభాగాల గది కూడా రెండింతలు కావాలి.

దీవిదారి గారు చెప్పిన ఇబ్బందికి నాకు తెలిసిన మందు ఒక్కటే. ఒప్పందంలో పెట్టెలతో పాటు డ్రాయింగులు, మరమ్మతు పుస్తకాలు, చక్రాలు విప్పే ప్రత్యేక పనిముట్లు కూడా ఇవ్వాలని రాయించుకోండి. వీలైతే అమ్మేవారి వర్క్‌షాపుకు మీ ఇద్దరు మెకానిక్కులను రెండు నెలలు పంపండి. అక్కడ ఆ పెట్టెల మీద పాతికేళ్లు పనిచేసినవారు ఇంకా ఉంటారు. ఏ వాల్వు చలికాలంలో మొరాయిస్తుందో, ఏ తలుపును కాస్త ఎత్తి మూయాలో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. వారు పదవీ విరమణ చేయకముందే మీవాళ్లు వెళ్లాలి.