అబోరిజినల్ పెద్దావిడ తరఫున ఫిర్యాదు ఎలా రాయాలి?

అందరికీ నమస్కారం. నేను ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో, డబ్బో పట్టణానికి దూరంగా ఉన్న ఒక చిన్న ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సుగా పనిచేస్తున్నాను. మా దగ్గరకు వచ్చే విరాజురి అనే అబోరిజినల్ (ఆస్ట్రేలియా ఆదివాసీ) సమూహానికి చెందిన ఒక పెద్దావిడ (ఇక్కడ కూడా పెద్దావిడలను గౌరవంగా ఆంటీ అనే పిలుస్తారు) ఉంటున్న ప్రభుత్వ ఇంట్లో స్నానాల గది పైకప్పు నెలల తరబడి కారుతోంది. ఫోన్ చేసిన ప్రతి తేదీనీ ఆమె గోడ క్యాలెండర్ మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నారు; ఒక్కదానికీ రాతపూర్వకంగా జవాబు రాలేదు.

రాష్ట్ర శాఖలపైనా, సామాజిక సేవా సంస్థలపైనా వచ్చే ఫిర్యాదులను రాష్ట్ర అంబుడ్స్‌మన్ (స్వతంత్ర విచారణాధికారి) కార్యాలయం ఉచితంగా పరిశీలిస్తుందనీ, ముందు సంబంధిత శాఖకే ఫిర్యాదు చేసి చూడమంటుందనీ, సెంటర్‌లింక్ (పింఛన్లు, భత్యాలు చెల్లించే సేవ) వంటి కేంద్ర ప్రభుత్వ సేవలకు కామన్వెల్త్ అంబుడ్స్‌మన్ వేరుగా ఉన్నారనీ నాకు తెలుసు. అయితే ఆమెను ఆపుతున్నది భయం. అబోరిజినల్ పిల్లలను ప్రభుత్వమే కుటుంబాల నుంచి విడదీసిన కాలం ఆ ఇంటి జ్ఞాపకంలో ఇంకా పచ్చిగానే ఉంది కనుక, "ఫిర్యాదు చేస్తే మనవలను తీసుకుపోతారా?" అని ఆమె నన్ను అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఆమె సమ్మతితో నేను రాస్తే, ఆ సమ్మతి పత్రంలో ఏమేమి ఉండాలి? అబోరిజినల్ సిబ్బందే ఆమెతో మాట్లాడాలని కోరవచ్చా? ఆ భయానికి నిజాయితీగా ఏమని చెప్పాలి? ఇలాంటి పనిలో అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయగలరు.